పెంటబండి, యూరియా బస్తా: మన వరి మళ్ళ ఎరువు చరిత్ర

ప్రతి ఏడూ ఈ నివేదికలో పొదుపు, అప్పు, చెల్లింపు, వడ్ల కొనుగోలు కేంద్రాల లెక్కలు వస్తయి. ఈసారి వాటి పక్కన మన పొలాల చరిత్ర ఒకటి రాసుకోవాలని అనుకున్నం. కారణం అందరికీ తెలిసిందే. 2025 వానాకాలంలో తెలంగాణ అంతటా యూరియా కోసం తెల్లారకముందే వరుసలు కట్టినరు. ఎండకూ వానకూ నిలబడలేక చెప్పులు, పట్టాదారు పాసుపుస్తకాలు వరుసలో పెట్టి పక్కన కూర్చున్నరు. ఆ వరుసల్లో ఆడవాళ్ళు ఎందరో ఉన్నరు. ఇంటి దగ్గర పిల్లల బడి, పాడి పని, బీడీల చాట అన్నీ విడిచి ఒక్క బస్తా కోసం పూట పూటంతా నిలబడ్డరు.

మన ముత్తవ్వల కాలంలో బస్తా అనేదే లేదు. అయినా చెరువుల కింద వరి పండింది. మరి ఇయ్యాల బస్తా నాలుగు రోజులు ఆలస్యమైతే గుండె ఎందుకు జారుతున్నది? పెంట ఎటు పోయింది? బస్తా ఎట్లా వచ్చింది? రెండూ కలిపి వాడుమని శాస్త్రవేత్తలు చెప్తున్న మాటకు ఆధారం ఏంది? సంఘం మీటింగుల్లో అక్కలు అడిగిన ఈ ప్రశ్నలకు జవాబులు వెతికి, వరుస క్రమంలో ఇక్కడ పెడుతున్నం.

చెరువు కింది రోజులు

నిజాంసాగర్ కట్టకముందు మన ఆర్మూర్ చుట్టుపక్కల వరి అంటే చెరువు కింద, కుంట కింద, మోట బావి కింద ఉన్న మళ్ళే. మిగతా నేలంతా చెల్క. అక్కడ జొన్న, మక్క, పప్పులు, నువ్వులు పండేవి. ఎక్కువ ఇండ్లల్ల రోజు తిండి జొన్న గటక, జొన్నరొట్టె. వరి బువ్వ పండుగకో, చుట్టాలొస్తేనో ఉండేది.

ఆ వరికి ఎరువు నాలుగు దిక్కుల నుంచి వచ్చేది. మొదటిది కొట్టంలోని పెంట. రెండోది గొర్ల మంద. కోతలు అయినంక గొల్లవాళ్ళను పిలిచి, రాత్రిపూట మందను పొలంలో పండబెట్టించి, దానికి వడ్లో పైసలో ఇచ్చేవారు. గొర్ల పెంటతో పాటు మూత్రం కూడా నేరుగా నేలలోకి దిగుతుంది, మోత ఖర్చు ఉండదు. మూడోది చెరువు మట్టి. ఎండాకాలంలో చెరువు ఎండినప్పుడు అడుగున పేరుకున్న ఒండ్రును బండ్లకెత్తి పొలాల్లో పోసేవారు. దాంతో పొలానికి బలం, చెరువుకు లోతు, రెండూ దొరికేవి. నాలుగోది ఆకు. కానుగ, జిల్లేడు, వేప రొట్ట తెచ్చి మళ్ళలో తొక్కించేవారు.

ఈ పనిలో బండి తోలుడు మగవాళ్ళది. బండి నిండే దాకా ఉన్న పనంతా ఎక్కువగా ఆడవాళ్ళదే. కోడికూతకు లేచి కొట్టం ఊడ్వడం, పెండ ఎత్తడం, పశువులు తినగా మిగిలిన గడ్డి, పొయ్యి బూడిద, ఇల్లు ఊడ్చిన చెత్త అన్నీ గంపకెత్తి పెంటకుప్ప మీద వేయడం, ఎండాకాలంలో కుప్ప తవ్వి బండ్లకెత్తడం, పొలంలో కుప్పలు కుప్పలుగా దించినదాన్ని మడి నిండా చల్లడం ఏడాది పొడుగునా నడిచేవి. ఎంత పెండ పిడకలకు, ఎంత అలుకు సాన్పికి, ఎంత కుప్పకు పోవాలన్నది కూడా ఇంటి ఆడది చూసుకునే లెక్కే. ఆ ఊరి పొలాలకు ఎంత బలం అందుతుందో ఆ లెక్క మీద ఆధారపడి ఉండేది. ఏ రికార్డులోనూ అది ఎక్కలేదు.

అయితే ఆ రోజులను బంగారు కాలం అనుకోవద్దు. అప్పటి వరి రకాలు పొడుగు. కొంచెం బలం ఎక్కువైతే గాలివానకు పడిపోయేవి. ఎకరాకు పండేది ఇప్పటి దాంట్లో చిన్న భాగం. చెరువు నిండని ఏడు ఆ కొద్దిపాటి వరి కూడా ఉండేది కాదు. పెంట ఒక్కదాని మీదనే ఇయ్యాల్టి జనానికి సరిపోయే తిండి పండేదని చరిత్ర చెప్పదు.

నిజాంసాగర్ నీళ్ళు

మంజీరా నది మీద నిజాంసాగర్ పని 1923లో మొదలై 1931లో పూర్తయింది. దాని వెనుక ఉన్న ఇంజనీరు నవాబ్ అలీ నవాజ్ జంగ్ బహదూర్. కాలువ బాన్సువాడ, బోధన్, నిజామాబాద్ వైపు పారుకుంటూ మన ఆర్మూర్ చివరి భూముల దాకా సాగింది. 1937లో బోధన్‌లో నిజాం చక్కెర కర్మాగారం పుట్టింది. వరి, చెరుకు మీద పరిశోధన చేయడానికి రుద్రూర్‌లో కేంద్రం ఏర్పడింది. చెల్కలు మళ్ళుగా మారినయి.

ఇక్కడే మొదటి చిక్కు వచ్చింది. నీళ్ళు పెరిగినంత వేగంగా పశువులు పెరగవు. ముందు రెండెకరాల మడికి సరిపోయిన పెంట ఇప్పుడు ఐదెకరాలకు పంచాల్సి వచ్చింది. చెరుకు పంట కూడా పెంటను బాగా అడుగుతుంది. అందుకే బయటి ఎరువు అవసరం కాలువతో పాటే వచ్చింది. మొదట్లో అది ఆముదపు పిండి, వేప పిండి, కానుగ పిండి. తర్వాత అమ్మోనియం సల్ఫేట్ అనే తెల్ల ఉప్పు లాంటి మందు.

ఆ మందు వెనుక కథ జర్మనీది. గాలిలో ఉన్న నత్రజనిని పట్టి అమ్మోనియాగా మార్చే విధానాన్ని ఫ్రిట్జ్ హేబర్ కనిపెట్టగా, కార్ల్ బోష్ దాన్ని కర్మాగారం స్థాయికి తెచ్చిండు. 1913లో మొదటి ఫ్యాక్టరీ నడిచింది. మన దేశంలో స్వాతంత్య్రం వచ్చినంక పెద్ద ఎత్తున కట్టిన ఎరువుల కర్మాగారం బీహార్ వైపు సింద్రీలో 1951లో ఉత్పత్తి మొదలుపెట్టింది.

అదే కాలంలో దేశంలో ఇంకో ప్రయత్నం కూడా నడిచింది. ఆల్బర్ట్ హోవర్డ్ అనే ఇంగ్లీషు శాస్త్రవేత్త 1924 నుంచి 1931 దాకా ఇండోర్‌లో పనిచేసి, పంట చెత్త, పెండ, మూత్రంతో తడిసిన మట్టి, బూడిద పొరలు పొరలుగా వేసి కుళ్ళబెట్టే పద్ధతిని రూపొందించిండు. ప్రపంచం దాన్ని ఇండోర్ పద్ధతి అంటుంది. మన రైతుల దగ్గర, చైనా రైతుల అనుభవం నుంచి తను నేర్చుకున్నానని ఆయనే చెప్పుకున్నడు. 1952 అక్టోబర్ 2న మొదలైన సమాజ వికాస పథకంలో ఊరూరా కంపోస్టు గుంతలు తవ్వుమని చెప్పినరు. కానీ ఆ ప్రచారంలో వ్యవసాయం సంగతి చెప్పడానికి వచ్చే గ్రామసేవకుడు మగ రైతుతోనే మాట్లాడేవాడు. ఆడవాళ్ళ కోసం పెట్టిన గ్రామసేవిక కుట్టుపని, వంట, పిల్లల పెంపకం చెప్పేది. పెంటకుప్ప నడిపే మనిషికి పెంటకుప్ప గురించి ఎవరూ చెప్పలేదు, ఆమెను ఎవరూ అడగలేదు.

పోచంపాడు, పొట్టి వరి

1963 జులై 26న పోచంపాడులో గోదావరి మీద ప్రాజెక్టుకు జవహర్‌లాల్ నెహ్రూ శంకుస్థాపన చేసిండు. అదే తర్వాత శ్రీరాంసాగర్ అయ్యింది. మన ఆర్మూర్ నుంచి నిర్మల్ దారిలో పోతే కనిపించే కట్ట అదే. 1970ల నుంచి కాకతీయ కాలువ కింద బాల్కొండ, మోర్తాడ్ మీదుగా మెట్‌పల్లి, జగిత్యాల దాకా నీళ్ళు పారినయి.

నీళ్ళు వచ్చే సమయానికే కొత్త వరి కూడా వచ్చింది. తైచుంగ్ నేటివ్ 1, ఆ వెంబడే ఫిలిప్పీన్స్ పరిశోధన కేంద్రం 1966లో విడుదల చేసిన ఐఆర్ 8, 1968లో మన దేశపు జయ. ఈ రకాల గుణం ఒక్కటే: పొట్టి కాడ. ఎంత నత్రజని ఇచ్చినా పడిపోకుండా, ఆ బలాన్ని గడ్డిలోకి కాకుండా కంకిలోకి తీసుకుంటయి. అంటే బస్తా కోసమే పుట్టిన వరి. పాత పొడుగు వరికి పెంట మెల్లమెల్లగా ఇచ్చే బలం సరిపోయేది. పొట్టి వరి పిలకలు వేసే రెండు మూడు వారాల్లోనే ఎక్కువ తిండి అడుగుతుంది, అంత వేగంగా పెంట ఇవ్వలేదు. 1986లో బాపట్ల నుంచి సాంబ మసూరి వచ్చినంక సన్న బియ్యం బువ్వ ఇంటింటికీ చేరింది.

1980లో రామగుండం ఎరువుల కర్మాగారం ఉత్పత్తి మొదలుపెట్టింది. బస్తా మన గోదావరి ఒడ్డు నుంచే రాసాగింది. ఆ కర్మాగారం 1999లో మూతపడింది. మళ్ళీ కొత్తగా కట్టి 2021లో ఉత్పత్తి మొదలుపెట్టినరు.

బస్తా మేలు చేసింది. ఆ మాట దాచొద్దు. వానాకాలం, యాసంగి రెండు పంటలు వచ్చినయి, గటక తాగిన ఇండ్లల్ల మూడు పూటలా బువ్వ వండినరు. తట్ట మోసిన నెత్తికి కొంత విశ్రాంతి కూడా దొరికింది.

పెంట ఎందుకు తగ్గింది

పెంట పనికిరాదని ఎవరూ దాన్ని విడిచిపెట్టలేదు. ఒకటి వెనుక ఒకటి నాలుగు సంగతులు జరిగినయి.

ట్రాక్టర్లు వచ్చి ఎడ్లను ఇంటి నుంచి పంపినయి. ఎడ్లు పోతే కొట్టం సగం ఖాళీ. మిగిలినవి పాలిచ్చే బర్రెలు.

తర్వాత వరికోత మిషన్ వచ్చింది. చేత్తో కోసినప్పుడు గడ్డి మోపులుగా ఇంటికి వచ్చి, గడ్డివాముగా నిలిచి, పశువుల కడుపులో పడి, పెండగా మారి మళ్ళీ పొలానికే పోయేది. మిషన్ గడ్డిని పొలంలోనే వెదజల్లుతుంది. రెండు పంటల మధ్య వ్యవధి తక్కువ కాబట్టి చాలామంది అగ్గి పెడతరు. టన్ను వరిగడ్డిలో 5 నుంచి 8 కిలోల నత్రజని, సుమారు 15 కిలోల పొటాష్ ఉంటుంది. కాలిస్తే నత్రజని దాదాపు అంతా పొగలో పోతుంది. బూడిదలో మిగిలిన పొటాష్ గాలికి, నీటికి కొట్టుకపోయే ప్రమాదం ఉంటది.

మూడోది మన పసుపు. ఆర్మూర్ పేరు చెప్తే పసుపు గుర్తుకొస్తుంది. వానలతో నాటిన పసుపు సంక్రాంతి దాటినంక తవ్వే దాకా ఎనిమిది తొమ్మిది నెలలు భూమిలో ఉంటుంది. కొమ్ము ఊరాలంటే నేల గుల్లగా ఉండాలి. అందుకే పసుపుకు ఎకరాకు 10 టన్నుల దాకా మాగిన పశువుల ఎరువు వేయుమంటరు. ఇంట్ల ఉన్న పెంట చాలక పక్క ఊర్ల నుంచి ట్రాక్టర్ల కొద్దీ కొని తెచ్చేది కూడా పసుపుకే. వరికి మిగిలేది బస్తా. పెంట విలువ మనకు తెలియక కాదు, ఉన్న కాస్త పెంట ఎక్కువ ధర వచ్చే పంటకు పోయింది.

నాలుగోదాని గురించి పుస్తకాల్లో తక్కువగా రాస్తరు. అది ఆడవాళ్ళ చేతుల సంగతి. నిజామాబాద్ జిల్లాలో బీడీ పని ఇంటింటికీ వచ్చింది. వెయ్యి బీడీలకు ఇంత అని చేతికి పైసలు వస్తయి, పీఎఫ్ కార్డు ఉన్నోళ్ళకు కొంత అండ కూడా ఉంటది. పసుపు ఉడకపెట్టే కాలంలో కైకిలి దొరుకుతుంది. పెంట ఎత్తినందుకు మాత్రం ఎన్నడూ ఎవరూ పైస ఇయ్యలేదు. కూలి కట్టని పని దగ్గర్నే చేతులు తగ్గుతయి. బస్తా అయితే మోటారు సైకిల్ మీద వస్తుంది, ఒక్క మనిషి గంటలో చల్లుతడు. పెంట ఓడిపోయింది బస్తా బలం ముందు ఒక్కటే కాదు, ఆ లెక్కలేని చాకిరీ దగ్గర కూడా.

ఆకు పచ్చబడింది, నేల చిక్కింది

1992 ఆగస్టులో కేంద్రం భాస్వరం, పొటాష్ ఎరువుల ధరల మీద నియంత్రణ ఎత్తేసింది. యూరియాను మాత్రం నియంత్రణలోనే ఉంచింది. 2010లో పోషకాలను బట్టి సబ్సిడీ ఇచ్చే విధానం వచ్చినప్పుడు కూడా యూరియాను అందులో కలపలేదు. దాని ఫలితం మన అందరి అనుభవంలో ఉన్నదే: 45 కిలోల యూరియా బస్తా 266 రూపాయల 50 పైసలు, 50 కిలోల డీఏపీ 1,350 రూపాయలు. చేతిలో పైసలు తక్కువున్న ఇల్లు ఏది ఎక్కువ కొంటుంది? యూరియా చల్లిన నాలుగో రోజే ఆకు నల్లపచ్చగా కనిపిస్తుంది, మనసు నిమ్మళం అవుతుంది. పొటాష్ చేసే మేలు కంటికి అట్ల కనపడదు.

నత్రజని ఎక్కువైన మడిలో ఆకు మెత్తబడి అగ్గితెగులు, ఆకుముడత, దోమ తొందరగా పడతయి. అప్పుడు పురుగు మందు ఖర్చు మొదలు. ఇంకో లోటు జింకుది. 1966లో ఉత్తరాదిన పంత్‌నగర్‌లో వరి ఆకులు తుప్పు రంగుకు మారి గిడసబారడానికి కారణం జింకు లోపమని గుర్తించినరు. పెంట వేసే రోజుల్లో జింకు, ఇనుము, బోరాన్ లాంటివి కొద్దికొద్దిగా దానితోనే అందేవి. యూరియా బస్తాలో నత్రజని తప్ప అవేవీ ఉండవు. అందుకే ఇప్పుడు లోపమున్న పొలాలకు ఎకరాకు 20 కిలోల జింక్ సల్ఫేట్ విడిగా కొనాల్సి వస్తున్నది.

పొలాస మళ్ళు ఏం చెప్పినయి

పెంట గొప్పదా, బస్తా గొప్పదా అనే పంచాయితీ పాతది. ఇంగ్లండులో రోథమ్‌స్టెడ్ అనే చోట 1843లో గోధుమ పొలాన్ని పట్టీలుగా విడగొట్టి, ఒక దానికి పెంట, ఒక దానికి మందు, ఒక దానికి ఏమీ లేకుండా ఏటేటా అదే తీరుగా వేస్తూ వచ్చినరు. ఆ పొలం ఇప్పటికీ నడుస్తున్నది. మన దక్షిణాదిన కోయంబత్తూరులో 1909లో అలాంటిదే మొదలైంది. 1970లో దేశంలో 11 చోట్ల పెద్ద ఎత్తున దీర్ఘకాల ఎరువుల ప్రయోగం మొదలుపెట్టినరు. వాటిలో హైదరాబాద్ ఒకటి.

మనకు దగ్గరిది జగిత్యాల పక్కన పొలాసలో ఉంది. ఆర్మూర్ నుంచి మెట్‌పల్లి, కోరుట్ల దాటి పోతే వచ్చే ప్రాంతీయ వ్యవసాయ పరిశోధన కేంద్రం అది. 2000-01 నుంచి అక్కడి నల్లరేగడిలో, వరి తర్వాత వరి పండిస్తూ, ఏ మడికి ఏది వేస్తే దానికి ఏటా అదే వేస్తున్నరు. ఒక మడికి ఏమీ వేయరు. ఒక దానికి నత్రజని ఒక్కటే. ఒక దానికి నత్రజని, భాస్వరం. ఒక దానికి మూడూ. ఒక దానికి సిఫారసు కంటే సగం ఎక్కువ. ఒక దానికి పెంట ఒక్కటే. ఇంకో దానికి మూడు మందులతో పాటు హెక్టారుకు 10 టన్నులు, అంటే ఎకరాకు 4 టన్నుల పశువుల ఎరువు. మన మాదిరి నేల, మన మాదిరి నీళ్ళు, మన మాదిరి రెండు పంటలు. అందుకే అక్కడి ఫలితం మన మళ్ళకు దగ్గరి సాక్ష్యం.

ఆ ఫలితం సూటిగా ఇది. ఏమీ వేయని మడి అన్నిటికన్నా వెనుక నిలిచింది. నత్రజని ఒక్కటే వేసిన మడి మూడూ వేసినదానికి అందలేదు. మూడు మందులకు పెంట కలిపిన మడి దిగుబడిలో ముందు వరుసలో నిలిచింది, నేలలో సేంద్రియ కర్బనం కూడా పెరిగింది. దేశంలో ఇతర చోట్ల నడిచిన ప్రయోగాల సారం కూడా ఇదే.

సేంద్రియ కర్బనం అంటే ఏందని అక్కలు అడుగుతరు. కుళ్ళిన ఆకు, గడ్డి, పెంట, వేర్లు నేలలో నల్లటి జీవంగా మిగిలేదే అది. అది ఉంటే నేల మెత్తగా ఉంటుంది, నీటిని పట్టుకుంటుంది, మన కంటికి కనపడని సూక్ష్మజీవులకు తిండి అవుతుంది. చల్లిన యూరియా కూడా నీళ్ళతో, గాలితో పోకుండా కొంత ఆగి పైరుకు అందుతుంది. బస్తా పైరుకు తిండి పెడితే పెంట నేలకు తిండి పెడుతుంది అని చెప్పుకుంటే సులువుగా గుర్తుంటది.

మన లెక్క మనం వేసుకుందాం

యాసంగి వరికి ఉత్తర తెలంగాణలో సాధారణంగా చెప్పే మోతాదు ఎకరాకు 48 కిలోల నత్రజని, 24 కిలోల భాస్వరం, 16 కిలోల పొటాష్. దీన్ని బస్తాల్లోకి మారుద్దాం. ఒక డీఏపీ బస్తాలో 9 కిలోల నత్రజని, 23 కిలోల భాస్వరం ఉంటయి. మిగతా 39 కిలోల నత్రజనికి రెండు యూరియా బస్తాలు సరిపోతయి. ఒక్కో దాంట్లో 20 కిలోల పైన నత్రజని ఉంటుంది. పొటాష్ సగం బస్తాకు కొంచెం ఎక్కువ. మూడో యూరియా బస్తా, నాలుగో యూరియా బస్తా ఈ లెక్కలో లేనే లేవు. అవి వేసే పొలాలు మన ఊళ్ళలో ఎన్ని ఉన్నయో మనకే తెలుసు.

ఇప్పుడు పెంట. బాగా మాగిన పెంట టన్నులో సుమారు 5 కిలోల నత్రజని, 2 కిలోల భాస్వరం, 5 కిలోల పొటాష్ ఉంటయి. 4 టన్నులు వేస్తే 20 కిలోల నత్రజని, అంటే ఇంచుమించు ఒక యూరియా బస్తా. కానీ అదంతా మొదటి పంటకే అందదు. సగం కన్నా తక్కువ అందుతుంది, మిగతాది వచ్చే పంటలకు నిలుస్తుంది. అందుకే పెంట వేసిన మొదటి ఏడే ఒక బస్తా మొత్తం ఎత్తేయొద్దు. ముందు సిఫారసుకు మించి వేసేది మానాలి. తర్వాత నత్రజనిలో నాలుగో వంతు దాకా తగ్గించి పైరును చూడాలి. రెండు మూడేండ్లు వరుసగా వేస్తేనే నేల మారుతుంది. దగ్గరి రైతువేదికలో వ్యవసాయ విస్తరణాధికారిని కలిసి మట్టి పరీక్ష చేయించి ఈ లెక్కను మన పొలానికి సరిచేసుకోవాలి.

పెంట దొరకని ఇంటికి పచ్చిరొట్ట ఉంది. తొలకరి వానకు జీలుగ లేదా జనుము ఎకరాకు 12 నుంచి 15 కిలోలు చల్లి, 45 రోజులకు, పూత దశలో దున్ని కలిపితే సరి. పిల్లిపెసర అయితే విత్తనం ఇంకా తక్కువ. వీటి వేర్ల మీది బుడిపెల్లోని సూక్ష్మజీవులు గాలి నుంచే నత్రజనిని పట్టి ఇస్తయి. హేబర్ ఫ్యాక్టరీ చేసే పనినే అవి ఉట్టిగ చేస్తయి. నాటుకు ముందు పొలం నెలన్నర ఖాళీగా, తడిగా దొరకడమే ఇక్కడ చిక్కు. యాసంగి కోతకు, వానాకాలం నాటుకు మధ్య ఆ వ్యవధి చాలామందికి దొరుకుతుంది.

చెరువు మట్టి సంగతి కూడా మరువొద్దు. 2015 మార్చి 12న మిషన్ కాకతీయ మొదలైంది అప్పటి మన నిజామాబాద్ జిల్లా సదాశివనగర్‌లోనే. పూడిక తీసిన మట్టిని రైతులు తమ ఖర్చుతో పొలాలకు తోలుకున్నరు. మన అవ్వలు తట్టలతో చేసిన పనే అది, ఈసారి జేసీబీతో జరిగింది.

గడ్డిని కాల్చకుండా నాటుకు మూడు వారాల ముందే తడి పెట్టి కలియదున్నడం ఇంకో దారి. ఒక జాగ్రత్త చెప్పాలి. గడ్డి అయినా పెంట అయినా సగం కుళ్ళింది వేసి వెంటనే నాటేస్తే నేలలో నత్రజనిని ఆ కుళ్ళే పనే లాక్కుంటుంది, పైరు పచ్చబారిపోతుంది. పెంట మాగాలి. ముట్టుకుంటే వేడి ఉండొద్దు, వాసన పోవాలి, మట్టిలా పొడిపొడిగా రాలాలి. ఈ గుర్తులు మన అత్తమ్మలకు ఎవరూ చెప్పాల్సిన పని లేకుండె.

వేప సంగతి చూడండి. యూరియాకు వేప పిండి కలిపి రెండు రోజులు ఉంచి చల్లితే మందు మెల్లగా కరుగుతుందని ఎన్నో ఏండ్ల నుంచి చెప్తున్నరు. 2015 నుంచి దేశంలో తయారయ్యే యూరియా మొత్తానికీ ఫ్యాక్టరీలోనే వేపనూనె పూత వేస్తున్నరు. చెట్టూ బస్తా కలిసిన మందునే మనం ఇప్పటికే వాడుతున్నం.

సంఘాల వంతు, చాకిరీ లెక్క

2000లో పేదరిక నిర్మూలన సంస్థ ఏర్పడినంక ఊరి సంఘాలు, మండల సమాఖ్యలు బలపడినయి. 2004-05 నుంచి ఆ సమాఖ్యల ద్వారానే పురుగు మందులు లేని సాగు మొదలైంది. కషాయాలు, వర్మీకంపోస్టు, జీవామృతం మాటలు ఎందరో అక్కలు మొదట విన్నది సంఘం మీటింగులోనే. అప్పటి వరంగల్ జిల్లా ఏనెబావి అనే చిన్న పల్లె మొత్తం మందులు మానేసి రాష్ట్రానికి పేరు తెచ్చింది. అందరం ఏనెబావి కావాలని మేము చెప్పడం లేదు. రెండు పంటల వరి, కౌలు భూమి, అప్పు మీద పెట్టుబడి ఉన్న ఇల్లు ఒక్కసారే మందు మానేసి దిగుబడి పడిపోతే తట్టుకోలేదు. పొలాస చెప్పింది కూడా అది కాదు. రెండూ కలపాలి, బస్తాను లెక్క మీద వాడాలి అన్నదే అక్కడి పాఠం.

కౌలు ఇంకో ముడి. ఈ ఏడు నా చేతిలో, వచ్చే ఏడు ఇంకొకరి చేతిలో ఉండే పొలానికి 4 టన్నుల పెంట ఎవరు పోస్తరు? పెంట ఫలం మూడేండ్లకు వస్తుంది, కౌలు మాట ఏడాదికే ఉంటది. అందుకే కనీసం మూడేండ్ల కౌలు రాయించుకునే ఇండ్లకు సంఘం మాట సాయం చేయాలి. పట్టా మగవాళ్ళ పేరున ఉండి, వరుసలో మాత్రం ఆడవాళ్ళు నిలబడే ఇండ్లు కూడా మన మధ్య ఉన్నయి.

ఇక ముఖ్యమైన మాట. పెంట మళ్ళీ రావాలని ఇప్పుడు అందరూ అంటున్నరు, అధికారులు అంటున్నరు, పేపర్లు రాస్తున్నయి. దాన్ని ఎత్తేది ఎవరని మాత్రం ఎవరూ అడగడం లేదు. ఒకప్పటి తీరుగ కూలి లేని చాకిరీగా అది మళ్ళీ మన నెత్తి మీదనే పడితే ఈ చరిత్ర మొదటికే వస్తుంది. అందుకే వచ్చే ఏడు ప్రతి ఊరి సంఘం ముందు మేము మూడు పనులు పెడుతున్నం.

ఒకటి, పెంట ఎత్తడం, కుప్ప మాగేయడం, పొలంలో చల్లడం గంటల లెక్కన పుస్తకంలో రాయాలి, కూలి కట్టాలి. పంట ఖర్చు వేసేటప్పుడు బస్తా ధర పక్కన ఆ కూలి కూడా కనపడాలి. రెండు, పదిమంది కలిసి పెంటబండికి, ట్రాక్టర్ కిరాయికి, కంపోస్టు గుంతకు అప్పు అడిగితే దాన్ని పెట్టుబడి అప్పుగానే చూడాలి. బస్తా కొనడానికి ఇచ్చే సంఘం పెంట తయారు చేయడానికి ఎందుకు ఇయ్యదు? మూడు, ప్రతి ఊరిలో ఒక్క ఎకరం తీసుకొని సగం మడిలో ఇప్పటి పద్ధతి, సగం మడిలో పెంట కలిపి తగ్గించిన బస్తా వేసి, వడ్లు తూకం వేసి, ఖర్చు రాసి, మూడేండ్లు చూడాలి. పొలాస శాస్త్రవేత్తలు ఇరవై ఏండ్లకు పైగా చేస్తున్న పనిని మన ఊరిలో మనమే చేసినట్టు.

కొనుగోలు కేంద్రంలో తేమ చూసి, తూకం వేసి, రసీదు రాసిన చేతులకు ఈ లెక్క కష్టం కాదు. ఆ పుస్తకాల్లో వచ్చిన అంకెలను వచ్చే ఏటి నివేదికలో ఊరి వారీగా అచ్చు వేస్తం.